నోరు కిందికున్న చేప

నా చిన్నప్పుడు మా బడి సైన్సు గదిలో ఒక అద్దాల తొట్టి ఉండేది. ఇప్పుడు పిల్లలు దాన్ని అక్వేరియం అంటారు. అప్పట్లో పాల్వంచ కాలనీలో ఆ మాట తెలిసినవాళ్లు తక్కువ, అందరం చేపల తొట్టి అనేవాళ్లం. కిటికీలకు వేసే అద్దాలను ఇనుప చట్రంలో బిగించి, అంచుల వెంట లప్పం పట్టించి చేసిన తొట్టి అది. ప్లాంటులో వెల్డింగ్ పని చేసే పక్కింటి మామయ్య చట్రం అతికి ఇచ్చాడు. అద్దాలు కోయించి, లప్పం పెట్టి, నీళ్లు కారితే విప్పి, మళ్లీ బిగించి, మూడోసారికి నిలబెట్టింది మాత్రం ఆయన కూతురు. ఆమెను నేను అక్క అని పిలిచేదాన్ని.

అక్కకు అప్పుడు ఇరవై రెండేళ్లుంటాయి. మూడేళ్ల వయసులో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. తొడ దాకా ఇనుప కమ్మీలున్న తోలుపట్టీ కట్టుకొని నడిచేది. కాలనీ బడిలో లాబ్ అసిస్టెంటుగా తాత్కాలిక ఉద్యోగం. ఏటా వేసవి సెలవులు అయ్యాక మళ్లీ ఆర్డరు రావాలి, వస్తుందో రాదో తెలియదు. 'ఆ కాలుతోని నౌకరీ ఎందుకు, ఇంట్ల కూసోరాదు' అనే మాట మా క్వార్టర్ల వరుసలో పంపు దగ్గర నేను చాలాసార్లు విన్నాను. ఆమె కూడా వినే ఉంటుంది.

నేను అయిదో తరగతి. మా నాన్న థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. నాన్న పగలు నిద్రపోయే వారాల్లో ఇంట్లో చప్పుడు చేయకూడదని అమ్మ నన్ను పక్కింటికి పంపేది. అట్లా అక్కకూ నాకూ జత కుదిరింది. ఆమె చదివేది, నేను వినేదాన్ని. ఆమె చేతికి అందని వస్తువులు నేను అందించేదాన్ని.

తొట్టిలో రెండు బంగారు చేపలుండేవి. మామయ్య బెజవాడ నుంచి ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోయించి, ఒళ్లో పెట్టుకొని రైల్లో తెచ్చాడు. బంగారు చేపలకు చల్లని నీళ్లే సుఖం. సైన్సు గది బడికి వెనక వైపు ఉండేది. కింద నాపరాళ్ల నేల, పైన ఎత్తైన కప్పు. ఊరంతా ఉడికిపోయే రోజుల్లో కూడా ఆ గదిలో కాలు పెడితే చల్లగా తగిలేది. చేపలకు అంతా బాగానే ఉంది. ఒక్కటే తంటా. తూర్పు కిటికీలోంచి పొద్దున రెండు గంటలసేపు ఎండ నేరుగా తొట్టి మీద పడేది. తొట్టిని సిమెంటు దిమ్మ మీద ఎక్కించారు కాబట్టి జరపడానికి లేదు. కిటికీకి అడ్డంగా అట్ట కడితే గది చీకటై పిల్లలకు పాఠం కనపడదు. ఆ ఎండకు వారం తిరిగేసరికి అద్దాలన్నీ నాచు పట్టి పచ్చబడేవి. చేపలు నీడల్లా కదిలేవి, అంతే.

ప్రతి శనివారం బడి వదిలాక అక్క కొబ్బరి పీచుతో అద్దాలు తోమేది. ఒక చేత్తో బల్ల పట్టుకొని, బరువంతా కుడికాలి మీద వేసి, గంటసేపు. తర్వాత కుర్చీలో కూర్చొని మోకాలు రుద్దుకునేది. సోమవారం అద్దం తళతళలాడేది, గురువారానికి మళ్లీ పచ్చ. ఒకరోజు పెద్దసారు వచ్చి తొట్టి వైపు చూసి, "ఇది చేపల తొట్టా, బర్రెల కుంటనా?" అన్నాడు. అర్ధ సంవత్సరం పరీక్షలు అయ్యేలోపు ఇది బాగుపడకపోతే తీయించేస్తానన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. నీళ్లు నిలిస్తే దోమలొస్తాయని ఆయన భయం. కానీ ఆ బడిలో అక్క తన చేత్తో చేసినది అని చూపించడానికి ఉన్నది ఆ తొట్టి ఒక్కటే.

అక్క దగ్గర ఒక పాత జంతుశాస్త్రం పుస్తకం ఉండేది. చల్లని వాగుల్లో రాళ్లకు పట్టిన నాచును గీకి తినే చేపలు కొన్ని ఉంటాయని అందులో రాసి ఉంది. బొమ్మ లేదు, మన భాషలో పేరు లేదు. ఆమె ఆ పేజీలో వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. తర్వాత నన్ను పిలిచి, "మీ నాయిన వాగుకు పోతడు గద. నువ్వు గూడ పోయి చూసొస్తవా?" అని అడిగింది.

మా నాన్నకు గాలం పిచ్చి. వారం సెలవు రోజున సైకిలు మీద అడవి దారి పట్టి, కిన్నెరసానిలో కలిసే ఒక చిన్న వాగు దగ్గరికి పోయేవాడు. ఆ రోజుల్లో ఆయనకు ఆదివారాలు సెలవు పడ్డాయి. నేను వెంట వస్తానంటే వద్దనలేదు. చప్పుడు చేయకూడదని మాత్రం షరతు పెట్టాడు.

మొదటి ఆదివారం బయల్దేరే ముందు అక్క చెప్పిన మాట నాకు వింతగా తోచింది. చేపలు తేవద్దంది. కాలు నీళ్లలో పెట్టి, చల్లదనం ఎముకకు తగిలేదాకా ఎన్ని అంకెలు లెక్కపెట్టగలనో చూసి రమ్మంది. బడిలో థర్మామీటరు ఉంది కానీ ఒక్కటే, దాన్ని అడవికి పంపే ధైర్యం ఆమెకు లేదు. నేను వాగులో కాలు పెట్టి నలభై లెక్కపెట్టాను. తిరిగొచ్చి తొట్టిలో చెయ్యి పెడితే నూరు దాటినా ఏమీ కాలేదు. అక్క అది కాగితం మీద రాసుకుంది. రెండో ఆదివారం, ఏ రాళ్ల మీద నాచు ఉంది, ఏ రాళ్ల మీద లేదు చూడమంది. నిలిచిన నీళ్లలో రాళ్లు దట్టంగా పచ్చగా ఉన్నాయి. నీళ్లు వడిగా దూకే చోట మాత్రం రాళ్లు బోసిగా ఉన్నాయి. ఎందుకో నాకు తెలియలేదు. నీటి వడికి కొట్టుకుపోయి ఉంటుందని చెప్పాను. "అంతేనా? ఇంకేం లేదా?" అంది అక్క. నాకు విసుగు పుట్టింది. చేపలు కావాల్సినప్పుడు చేపలు తెచ్చుకోక ఈ లెక్కలన్నీ ఎందుకు అనిపించింది.

ఆ తర్వాతి శనివారం అక్క పడిపోయింది. అద్దం తోముతుంటే నాచునీళ్లు నేల మీద చింది, నాపరాయి మీద కుడికాలు జారింది. కమ్మీల కాలు మడతపడదు కాబట్టి చెట్టు కూలినట్టు పక్కకు పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. నేను లేపబోతే, "ఆగు, ముందు తలుపు దగ్గరికెయ్యి" అంది. ఎవరైనా చూస్తారేమోనని. తలుపు వేసి వచ్చి, ఆమె బల్ల పట్టుకొని లేవడం చూస్తూ నిలబడ్డాను. ఇక ఆగకూడదని అప్పుడే అనుకున్నాను.

మర్నాడు వాగు దగ్గర నేను రాళ్ల వైపు చూడనే లేదు. నాన్న పాత తువ్వాలు పరిచి, కనిపించిన చేపల్లో అందమైనవి ఏరాను. ఒంటి మీద నల్లచుక్క, రెక్కల మీద ఎర్రగీత ఉన్న పరిగెలు అయిదు దొరికాయి. అడుగున పాకే చేప అయితే రాళ్లు శుభ్రం చేస్తుందనుకొని, మీసాలున్న చిన్న జెల్లను ఒకటి పట్టాను. అన్నీ పాలక్యానులో వేసుకొని తెచ్చాను. సైన్సు గది తాళంచెవి అక్కవాళ్లింట్లో తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉంటుంది. సాయంత్రం అక్క స్నానానికి పోయినప్పుడు తీసుకెళ్లి, చేపల్ని తొట్టిలో వదిలి, మళ్లీ తెచ్చి తగిలించాను. బడి వాచ్‌మన్ నన్ను చూశాడు కానీ, అక్క పంపి ఉంటుందనుకున్నాడు. పొద్దున్నకల్లా అద్దాలు మెరుస్తాయనీ, అక్క ఆశ్చర్యపోతుందనీ నా నమ్మకం.

సోమవారం ప్రార్థన గంటకు ముందే సైన్సు గది దగ్గర పిల్లలు గుమిగూడి ఉన్నారు. తొట్టికి మూత లేదు. పరిగెలు అయిదూ ఎగిరి కిందపడి నాపరాళ్ల మీద ఎండి అతుక్కున్నాయి. జెల్ల బంగారు చేపల తోకలు కొరికేసింది. ఒకటి చచ్చి నీళ్ల మీద వెల్లకిలా తేలుతోంది. రెండోది మూలకు ఒదిగి, చిరిగిన తోకతో నిలబడలేక ఊగుతోంది. అద్దాలు మాత్రం నిన్నటిలాగే పచ్చగా ఉన్నాయి.

పెద్దసారు వచ్చాడు. "ఎవరు వేసిండ్రు ఇవి?" అని అడిగాడు. అక్క ఆయన వెనకే వచ్చింది. నేల మీది పరిగెలను చూసింది, తొట్టిని చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను తల వంచుకున్నాను. చెప్పడానికి నోరు తెరిచాననే ఇన్నేళ్లూ నన్ను నేను నమ్మించుకున్నాను. నిజానికి తెరవలేదు. అక్క గొంతు మామూలుగానే పలికింది.

"నేనే ఏసిన సార్. నాచు తింటయేమో చూద్దామని."

"అంత తెలివి లేకపాయెనా నీకు?" అన్నాడాయన, పిల్లలందరి ముందూ. పరీక్షల దాకా అన్న గడువు అట్లాగే ఉందని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నం గంటకు అక్క నన్ను సైన్సు గదికి పిలిచింది. తిడుతుందనుకున్నాను. పాత పేపరు మీద చచ్చిన చేపల్ని వరసగా పరిచి ఉంచింది. జెల్లను అప్పటికే బకెట్లోకి మార్చింది. నా చేతికి భూతద్దం ఇచ్చి, "ఈటి నోళ్లు చూడు" అంది.

చూశాను. పరిగె నోరు మూతి చివర, ముందుకు ఉంది. ఎదురుగా కొట్టుకొచ్చే పురుగునో, తిండి నలుసునో అందుకునే నోరు అది. బకెట్లో జెల్ల నోరు వెడల్పుగా, చుట్టూ మీసాలతో ఉంది. చీకట్లో తడుముకొని మాంసం తినే నోరు. అక్క ఒక్కొక్కటీ చూపించి, ఇది అద్దాన్ని ఎట్లా గీకగలదని అడిగింది. చివరికి ఆ బంగారు చేపను కూడా చూడమంది. దాని నోరు నేను చూడలేకపోయాను. ఏడుపు వచ్చేసింది.

"పెద్దసారుకు నా పేరు ఎందుకు చెప్పలే?" అని అడిగాను.

ఆమె పేపరు మడుస్తూ, "చెప్తే నువ్వు మళ్ల వాగుకు పోతవా?" అంది.

ఆమె అన్నది అంతే. తాళంచెవి మాట ఎత్తలేదు. మేకు కూడా ఉన్న చోటనే ఉంది, తాళంచెవి దానికే వేలాడుతూ ఉంది. ఆ తర్వాత ఆమెను అడగకుండా నేను దాన్ని ముట్టుకున్నది లేదు.

నాలుగో ఆదివారం వాగు దగ్గర నేను బోసి రాళ్ల పక్కన బోర్లా పడుకున్నాను. చెయ్యి ముంచలేదు, రాయి కదపలేదు. చాలాసేపు ఏమీ కనపడలేదు. అవతలి ఒడ్డు గూడెం నుంచి ఒక అవ్వ నీళ్లకు వచ్చింది. ఇసుకలో చెలమ తోడి, నీళ్లు ఊరేదాకా కూర్చొని, నన్ను గమనించింది.

"ఏంది బిడ్డా, గట్ల పండుకున్నవ్? పాణం బాగలేదా?" అంది.

నాచు తినే చేప కోసం చూస్తున్నానన్నాను. అవ్వ నా పక్కకు వచ్చి కూలబడి, వేలితో చూపించింది. నేను రాయి మీది మచ్చ అనుకున్నదే చేప. రాయి రంగులోనే ఉంది. వేలెడు పొడవు. పొట్ట బల్లపరుపుగా రాతికి అతుక్కొని ఉంది. అంత వడి నీళ్లలోనూ కదలడం లేదు. కాసేపటికి బెత్తెడు ముందుకు జరిగింది. అది జరిగిన చోట పచ్చదనం పోయి రాయి బయటపడింది. దాని నోరు నాకు కనపడలేదు, తల అడుగున ఉంది కాబట్టి. అవ్వ తమ భాషలో దాని పేరు చెప్పింది. నేను తిప్పి పలికితే నవ్వింది. మళ్లీ చెప్పింది, మళ్లీ పలికాను, మళ్లీ నవ్వింది. ఆ పేరు నాకు సరిగ్గా రాలేదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

"దీన్ని తీస్కవొయి ఏం జేస్తవ్? ముల్లు దప్ప కండ లేదు" అంది అవ్వ.

తినడానికి కాదనీ, బడిలో అద్దాలు శుభ్రం చేయించడానికనీ చెప్పాను. అవ్వ మళ్లీ చేప వైపు చూసింది.

"అంటే పనికి పిలుస్తున్నవ్. పనికి పిలిస్తే ఉండేతందుకు జాగ జూపాలె గద. ఇది పారే నీళ్లల్ల బతికేది. మీ తాన నీళ్లు పారుతయా?"

పారవు అన్నాను. చెలమలో నీళ్లు ఊరాయి, అవ్వ బిందె నింపుకొని వెళ్లిపోయింది. నా దగ్గర తువ్వాలు ఉంది, క్యాను ఉంది, చేప చేతికి అందేంత దగ్గరలో ఉంది. పట్టలేదు. ఖాళీ క్యానుతో ఇంటికి వచ్చి, అవ్వ అడిగిన ప్రశ్నను అక్కకు అప్పజెప్పాను.

అక్క రెండు రోజులు ఆలోచించింది. శివాలయంలో లింగం మీద చుక్క చుక్క ధార పడే పాత్ర ఉంటుంది కదా, అది ఆమెకు తట్టింది. ఇంట్లోంచి పాత రంజన్ తెప్పించి, అడుగున సన్నని బెజ్జం చేయించి, తొట్టికి ఒక కొసన ఎత్తు బల్ల మీద పెట్టించింది. మట్టికుండ కాబట్టి నీళ్లు చల్లబడతాయి. అక్కడి నుంచి ధార తొట్టిలో పడుతుంది. రెండో కొసన లాబ్‌లోని రబ్బరు గొట్టంతో అంతే నీరు బకెట్లోకి దిగుతుంది. బకెట్టు నిండినప్పుడల్లా ఎవరో ఒక పిల్లో పిల్లగాడో దాన్ని తిరిగి రంజన్‌లో పోయాలి. అద్దాలకు బయటి నుంచి రెండు పక్కల తడిగోనె కట్టింది. ఈసారి వలగుడ్డతో మూత కూడా వేసింది. "పారకపోతే పాయె, పడనీ" అంది. వారంపాటు చేపలు లేకుండానే ధార నడిపించి, రోజూ నా చెయ్యి తొట్టిలో పెట్టించి లెక్క రాసుకుంది. మొదట నూరు, తర్వాత ఎనభై, చివరికి అరవై దగ్గర నిలిచింది. నలభైకి ఎప్పుడూ రాలేదు. చలికాలానికి ఇది చాలని ఆమె అనుకుంది.

తర్వాతి ఆదివారం నాన్న గాలం పక్కనపెట్టి నాకోసం నీళ్లలో దిగాడు. ఆయన రాయిని మెల్లగా ఎత్తితే నేను కింద తువ్వాలు పట్టాను. నాలుగు చేపలు దొరికాయి. మరికొన్ని పట్టేవాళ్లమే కానీ, ఉన్న చోటికి నాలుగే ఎక్కువని అక్క ముందే చెప్పింది. వాటితోపాటు నాచు పట్టిన రాళ్లు రెండు తెచ్చాం, కొత్త చోట మొదటి రోజు తిండికి ఇబ్బంది పడకూడదని. క్యాను చుట్టూ తడిగుడ్డ చుట్టి, దారిలో రెండుసార్లు సైకిలు ఆపి గుడ్డ తడిపాం.

మూడు రోజులు అవి రాళ్ల కింద నుంచి బయటకు రాలేదు. నేను మళ్లీ తప్పు చేశాననే అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున పచ్చటి అద్దం మీద, లోపలి వైపు, ఎవరో వేలితో గీసినట్టు సన్నని గీతలు కనిపించాయి. ఆ గీతలు రోజురోజుకూ వెడల్పయ్యాయి. ఒక చేప అద్దానికి అతుక్కొని పైకి పాకుతుంటే, దాని నోటిని మొదటిసారి ఎదురుగా చూశాను. తల కింది భాగంలో, చిన్న దొప్పలా ఉంది. అది తెరుచుకుంటూ మూసుకుంటూ అద్దాన్ని ముద్దుపెట్టుకుంటున్నట్టు కదిలేది. రెండు వారాలకు తొట్టికి ఇవతలి నుంచి అవతలి గోడ కనపడింది. మిగిలిన బంగారు చేపకు తోక మళ్లీ మొలవసాగింది. కొత్తవాటి జోలికి అది పోలేదు, అవీ దాని జోలికి రాలేదు.

పరీక్షలు అయ్యాక పెద్దసారు వచ్చి తొట్టి ముందు చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. మర్నాడు గుమాస్తాను పంపి, పిల్లలు కూర్చొని చూడటానికి తొట్టి ముందు ఒక పొడవాటి బల్ల వేయించాడు. జూన్‌లో అక్కకు ఆర్డరు మళ్లీ వచ్చింది. అందుకు తొట్టే కారణమని నేను అప్పట్లో నమ్మాను. కాకపోయి కూడా ఉండవచ్చు.

అంతకుముందే, ఆ మాఘం దాటగానే ఎండ ముదిరింది. నా చెయ్యి లెక్క అరవై నుంచి డెబ్భైకి, తొంభైకి పెరిగింది. రాతిచేపలు అద్దాలు వదిలేసి, ధార పడే మూలకు చేరి, నోరు నీటి అంచుకు పెట్టి కదలకుండా ఉండసాగాయి. అక్క ఒక రోజంతా వాటినే చూసి, ఇక వాగులో వదిలేద్దాం అంది. నేను ఒప్పుకోలేదు. ఇంత కష్టపడి తెచ్చినవి, అద్దాలు మళ్లీ పచ్చబడతాయి, నువ్వు మళ్లీ పడతావు అని వాదించాను.

"పట్టనీ. నాచే గద. ఎండకాలమంతా పచ్చగనే ఉంటది ఈ తొట్టి. బడికి సెలవులే గద, ఎవరు జూస్తరు" అంది.

ఆ ఆదివారం ఆమె కూడా వచ్చింది. అడవి దారి మలుపు దాకా బస్సులో, అక్కడి నుంచి నాన్న సైకిలు వెనక కూర్చొని. నేను క్యాను పట్టుకొని పక్కన నడిచాను. నేను నాలుగు నెలలుగా వర్ణించి చెప్పిన వాగును ఆమె ఒడ్డున నిలబడి చూసింది. నేను చెప్పినదానికంటే చిన్నగా ఉందని మాత్రం అంది. తర్వాత ఒక బండ మీద కూర్చొని కమ్మీల పట్టీ విప్పింది. ఆమె ఆ పట్టీని బయట ఎవరి ముందైనా విప్పడం నేను అదివరకు చూడలేదు. నాన్న గాలం సర్దుకునే నెపంతో అటు తిరిగాడు. ఆమె రెండు కాళ్లూ నీళ్లలో పెట్టుకొని, క్యానును మెల్లగా వంచింది. మూడు చేపలు వెంటనే రాళ్లలోకి పోయాయి. నాలుగోది కాసేపు తచ్చాడి, ఆమె ఎడమకాలి మడమకు అతుక్కొని గీకసాగింది. అక్క ఉలిక్కిపడి నవ్వింది.

"చక్కిలిగిలి పెడుతుంది" అంది. నా ముఖం చూసి, "ఈ కాలుకు తెల్వదనుకున్నవా? అన్నీ తెలుస్తయి. నడవరాదు, అంతే" అంది.

నేను నిజంగానే తెలియదనుకున్నాను. ఏళ్ల తరబడి పక్కనే ఉండి కూడా ఎప్పుడూ అడగలేదు. పోలియో కండను తీసుకుపోతుంది కానీ స్పర్శను తీసుకుపోదని, తర్వాత నర్సింగు చదువుకునేటప్పుడు పుస్తకంలో చదివాను. అప్పటికే నాకు తెలుసు.

మరి రెండు చలికాలాలు మేము అట్లాగే చేపల్ని తెచ్చి, ఎండలు ముదరకముందే తిరిగి వదిలాం. మూడో ఏడు అక్కకు ఖమ్మంలో పర్మినెంటు ఉద్యోగం దొరికింది. తొట్టి కొన్నాళ్లు ఉండి, ఒక అద్దం పగిలాక పాత సామాన్లలో కలిసిపోయింది. అక్క పోయి ఆరేళ్లవుతోంది.

ఇప్పుడు దుకాణాల్లో నాచు తినే చేప కావాలంటే నల్లటి చేపను ఒకదాన్ని సంచిలో వేసి ఇస్తున్నారు. మా మనవరాలు బంగారు చేపల తొట్టి పెట్టుకొని, దాని కోసం నన్ను దుకాణానికి తీసుకెళ్లింది. ఆ చేప మూరెడు పెరుగుతుందనీ, దానికి వెచ్చని నీళ్లు కావాలనీ, పెరిగాక నాచు కంటే వేసిన మేతే ఎక్కువ తింటుందనీ అడిగితే గానీ దుకాణదారు చెప్పలేదు. పెద్దదయ్యాక భరించలేక దాన్ని చెరువులో వదిలేసేవాళ్లు ఉన్నారు. అక్కడ అది ఊరి చేపల గుడ్లు తినేస్తుంది. మేము కొనకుండా వచ్చేశాం. వారానికోసారి అద్దం తోముకోమని మనవరాలికి చెప్పాను. దానికి రెండు కాళ్లూ బాగానే ఉన్నాయి.

ఆ ఏడాది నేను నేర్చుకున్నవాటిలో ఒకటి నాకు సరిగ్గా పట్టుబడలేదు. పక్కవాళ్ల తప్పును నెత్తిన వేసుకొని 'నేనే' అనడం ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో రెండుసార్లే నాకు చేతనైంది. రెండుసార్లూ గొంతు వణికింది. అక్కకు వణకలేదు.

రెండోది, వాగు దగ్గర అవ్వ అడిగిన ప్రశ్న, మాత్రం పట్టుబడింది. నేను పనిచేసిన దవాఖానాలకు అడవి ఊళ్ల నుంచి చాలామంది వచ్చేవాళ్లు. నయమయ్యాక ఇంటికి పంపేటప్పుడు డాక్టర్లు మంచి మాటలే చెప్పేవాళ్లు. నెల రోజులు బరువులెత్తవద్దు, నీళ్లు కాచి తాగు, వేళకు తిను. దమ్మపేట అవతలి నుంచి వచ్చిన ఒక బాలింత అన్నింటికీ తల ఊపి, మూట సర్దుకొని బయల్దేరింది. నేను ఆమెను వరండాలో ఆపి, మీ ఇంటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని అడిగాను. వాగు నుంచి, రోజుకు ఆరు బిందెలు, తనే మోస్తానంది. ఆమె భర్త గేటు దగ్గర బీడీ తాగుతున్నాడు. అతన్ని పిలిచి బల్ల మీద కూర్చోబెట్టి, ఆ ఆరు బిందెలూ నెల రోజులు ఎవరు మోస్తారో తేలేదాకా నేను చీటీ మీద సంతకం పెట్టలేదు. అతను బీడీ నలిపేసి, "నేనే మోస్త" అన్నాడు. ఆమె నమ్మలేనట్టు అతని వైపు చూసింది.

ఆ తర్వాత ఎవరిని ఇంటికి పంపినా ముందు ఆ ప్రశ్నే అడిగాను. కొత్తగా వచ్చిన సిస్టర్లు విసుక్కునేవాళ్లు, బయట క్యూ పెరుగుతోందని గుర్తు చేసేవాళ్లు. పెరగనీ అనేదాన్ని. నీళ్లు ఎక్కడివో, మోసేదెవరో, పొయ్యి ముట్టించేదెవరో తెలిశాకనే మందుల చీటీ చేతికిచ్చేదాన్ని.